ఈ పుస్తకం ఎవరితో మాట్లాడుతుంది?

9 మార్చి 2025, ఆదివారం

అమ్మలుకి పద్నాలుగు నిండాయి. టెన్త్ ఏ బోర్డులో రాయాలన్న మాటను ఇక వచ్చే ఏటికి నెట్టలేం. చిన్నోడికి పన్నెండు. వాడికి ఇప్పట్లో బోర్డుతో పనిలేదు గానీ లెక్కలకీ సైన్సుకీ కొత్త పుస్తకాలు కావాలి.

ఐదో క్లాసు దాకా ఇంటి చదువు పెద్దగా పుస్తకాలు లేకుండానే సాగిపోయింది. కథలు చెప్పుకున్నాం, మొక్కలు పెంచాం, కిరాణా బిల్లులు కూడించాం. ఆరు దాటాక అలా కుదరదు. భిన్నాలు రాకపోతే బీజగణితం రాదు, బీజగణితం రాకపోతే భౌతికశాస్త్రం ముందుకు కదలదు. పైగా నేను రోజంతా పక్కన కూర్చోలేను. ఈ వయసులో కూర్చోకూడదు కూడా. పిల్లలు తమంతట తాము పుస్తకం ముందేసుకునే గంటలు పెరగాలి. అందుకే నాకు బోర్డు పేరు కన్నా ముందు పుస్తకం సంగతి తేలాలి.

16 మార్చి

అన్నయ్య ఫోన్ చేశాడు. "ఓపెన్ టెన్త్ అంటే తప్పినోళ్ళు కట్టేది గదనే. రేపు మెమో చూసినోళ్ళు ఏమంటరు?" అన్నాడు. మేనకోడలి మీద ప్రేమతో అడిగిన మాట. ఈ భయం మా అన్నయ్య ఒక్కడిదే కాదు, మన ఊళ్ళల్లో ఓపెన్ స్కూల్ అనగానే అందరికీ వచ్చేదే.

ఓపెన్ టెన్త్ నడిపే ఎన్‌ఐఓఎస్ 1989లో నేషనల్ ఓపెన్ స్కూల్‌గా మొదలైంది. 2002లో ఇప్పటి పేరు వచ్చింది. కేంద్ర విద్యాశాఖ కింద పనిచేసే జాతీయ బోర్డు. పద్నాలుగేళ్ళు నిండితే టెన్త్‌లో చేరవచ్చు. ఎనిమిదో తరగతి సర్టిఫికెట్ లేకపోయినా, ఈ కోర్సు చదవగలనని స్వయంగా రాసిస్తే తీసుకుంటారు. పరీక్షలు ఏటా రెండుసార్లు. ఒకసారి చేరితే ఐదేళ్ళ దాకా గడువు. సబ్జెక్టులన్నీ ఒక్కసారే రాసి తీరాలన్న నియమం లేదు. నీట్‌కి ఓపెన్ స్కూల్ పిల్లలు పనికిరారని ఒక నిబంధన పెడితే, 2018లో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఇవన్నీ వరసగా చెప్పాను.

అంతా విని, "మరి లెక్కలు గట్టిగ చెప్పియ్యి" అన్నాడు. చెప్పిస్తాను.

23 మార్చి

జెడ్పీ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా రిటైరైన చిన్నాయన కరీంనగర్ నుంచి వచ్చాడు. టేబుల్ మీద పుస్తకాలు చూసి అన్నం కూడా తినకుండా వాటితోనే కూర్చున్నాడు. ఒక ప్రైవేటు పబ్లిషర్ ఏడో క్లాసు లెక్కల పుస్తకం తిప్పి నా ముందుకు జరిపాడు.

"ఇది నాకు రాసిన్రు బిడ్డా, పోరనికి గాదు."

ఎట్లా అని అడిగాను. పేజీ మీద వేలు పెట్టి చూపించాడు. పైన సూత్రం, కింద ఒక ఉదాహరణ, ఆ కిందే అభ్యాసం, దాన్నిండా లెక్కలు. "గీ ఉదాహరణకూ గీ లెక్కలకూ నడుమ నేను బోర్డు మీద చెప్పేది ఉంటది. అది ఇండ్ల లేదు. బళ్ళె అయితే నేనుంట. నీ ఇంట్ల ఎవరుంటరు?"

తర్వాత ఎన్‌ఐఓఎస్ టెన్త్ లెక్కలు తీశాడు. పాఠం నడుమ కొద్ది కొద్దిగా ఆపి ప్రశ్నలు అడుగుతుంది, పాఠం చివర జవాబులు ఉంటాయి. మాస్టారు పక్కన లేని పిల్ల చదువుతుందని తెలిసే రాశారు. "ఇది పిల్లతోని మాట్లాడుతది," అని తలాడించాడు. అంతటితో వదల్లేదు. "కానీ పాసు గావడానికి ఇది సాలు. ఎంపీసీ తీసుకుంటే సాలదు. ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిది, పది లెక్కలు గూడ చేయించు. జవాబు తప్పైతే ఎక్కడ తప్పిందో దాన్నే ఎతుకుమను, నువ్వు చూపెట్టకు."

ఇన్నాళ్ళూ పుస్తకాలను సిలబస్ పట్టీలు చూసి పోల్చుకుంటున్నాను. ఏ బోర్డు పట్టీ చూసినా ఏడో క్లాసులో దాదాపు అవే అధ్యాయాలు. చిన్నాయన అడిగిన ప్రశ్న వేరు. ఈ పుస్తకం ఎవరితో మాట్లాడుతోంది? ఇక అన్నిటినీ దీంతోనే చూస్తాను.

30 మార్చి, ఉగాది

విశ్వావసు నామ సంవత్సరం. పచ్చడి తింటూ చిన్నోడు అడిగాడు, పోయినేడు ఉగాది ఏప్రిల్లో వచ్చింది కదా, ఈసారి మార్చిలో ఎందుకొచ్చిందని. నేను చెప్పలేదు. పాత క్యాలెండర్లు తీసి ఇచ్చాను. కాగితం మీద రాసుకున్నాడు: 2023లో మార్చి 22, 2024లో ఏప్రిల్ 9, ఈ ఏడు మార్చి 30. రోజులు లెక్కపెట్టాడు. మొదటి రెండు ఉగాదుల మధ్య 384 రోజులు, తర్వాతి రెండింటి మధ్య 355. "అమ్మా, అప్పుడు ఇరవై తొమ్మిది రోజులు ఎక్కువెందుకొచ్చినయ్?"

నానమ్మకు గుర్తుంది: 2023లో అధిక శ్రావణం వచ్చింది. మా అత్తమ్మకు పంచాంగం కొట్టిన పిండి. చాంద్రమాన సంవత్సరం సూర్యుడి లెక్క కన్నా దాదాపు పదకొండు రోజులు తక్కువ పడుతుందనీ, ఆ లోటు పెరిగినప్పుడల్లా ఒక నెల కలుపుతారనీ వాడికి నానమ్మే చెప్పింది. సాయంత్రం మహీధర నళినీమోహన్ 'క్యాలెండర్ కథ' వాడి చేతిలో పెట్టాను. రాత్రి పడుకునేదాకా వదల్లేదు.

ఆ పుస్తకం ఏ క్లాసుదీ కాదు. అయినా వాడి ఏడో క్లాసు పుస్తకాల పట్టీలో రాసుకున్నాను.

12 ఏప్రిల్

కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్ఈ అంటే మా వారికి మక్కువ. నాకూ దాని ప్రశ్నపత్రాలంటే ఇష్టమే. ఇంట్లో చదివే పిల్ల నేరుగా ఆ బోర్డులో చేరే వీల్లేదు. ప్రైవేటు అభ్యర్థులను తీసుకునే కేంబ్రిడ్జ్ బడి ఏదన్నా వెతుక్కుని దాని ద్వారా రాయాలి. ఫీజు సబ్జెక్టుకి ఇంతని. ఫోన్ చేసిన ఒక చోట బయటి పిల్లల్ని తీసుకోమన్నారు. ఇంకో చోట తీసుకుంటారట గానీ ఆరు సబ్జెక్టులకి లెక్కేస్తే మా ఇంటి బడ్జెట్ తట్టుకోదు.

అయినా దాన్లో ఒకటి వదులుకోబుద్ధి కాలేదు. భౌతిక, రసాయన, జీవశాస్త్రాల్లో ప్రాక్టికల్‌కి బదులు రాసే ఒక పేపరు ఉంది. ల్యాబు లేని పిల్లలు కూడా రాయొచ్చు. కొలతలు చదవమంటుంది, పట్టిక గీయమంటుంది, ఎక్కడ పొరపాటు జరిగే వీలుందో చెప్పమంటుంది. పరీక్ష కట్టకపోయినా ఆ ప్రశ్నలు ఎవరైనా సాధన చేయొచ్చు కదా.

20 ఏప్రిల్

కిటికీ ఊచకి దారం కట్టి కింద తాళంకప్ప వేలాడదీసింది అమ్మలు. దారం మీటరు. ఇరవై ఊపులకి నలభై సెకన్లు, కాస్త అటూ ఇటూ. దారాన్ని పావు మీటరుకి కుదించింది. సగమా, పావా, ఎంత వస్తుందో ముందే ఊహించి రాయమన్నాను. పది సెకన్లని రాసింది. ఇరవై వచ్చింది. మళ్ళీ కొలిచింది. మళ్ళీ ఇరవయ్యే. తాళానికి ఇంకో తాళం కలిపింది, బరువు పెరిగినా మార్పు లేదు. అప్పుడు పుస్తకం తెరిచి వర్గమూలం ఉన్న సూత్రం తానే వెతికి పట్టుకుంది. ఒక్క ఊపు కాకుండా ఇరవై ఎందుకు కొలవాలో కూడా రాసింది: స్టాప్‌వాచ్ నొక్కడంలో అయ్యే ఆలస్యం ఇరవై ఊపులకి పంచితే చిన్నదైపోతుందట.

పుస్తకం ముందు చదివి ఉంటే ఆ పది సెకన్ల ఊహ రాసేదే కాదు. సైన్సులో ఇక వరస మార్చాలి. చేయడం ముందు, చదవడం తర్వాత.

4 మే

చేసి చూశాకే చదివే ఈ దారిలో మనకన్నా ముందు నడిచినవాళ్ళు మన దేశంలోనే ఉన్నారు. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో పదహారు బళ్ళలో మొదలుపెట్టారు. తర్వాత 'ఏకలవ్య' సంస్థ ఆ పని చేపట్టింది. ఆరు నుంచి ఎనిమిది దాకా సైన్సంతా ప్రయోగాలతోనే. 'బాల వైజ్ఞానిక్' అని వాళ్ళ పుస్తకాలు. వాటిలో ప్రశ్నలుంటాయి, జవాబులుండవు. పిల్లలు చేసి చూసి రాసుకోవాలి. పరీక్షకి పుస్తకం తెచ్చుకోనిచ్చేవారు. పల్లెటూరి సర్కారు బళ్ళలో ముప్పై ఏళ్ళు నడిచింది. 2002లో ప్రభుత్వం ఆపేసింది. ఆ సంగతి చదివినప్పుడల్లా నా మనసు కలుక్కుమంటుంది.

చిన్నోడి సైన్సు ఇదే. పుస్తకాలు హిందీలో ఉన్నాయి. హైదరాబాద్ పిల్లాడికి హిందీ వీధిలోనే వచ్చింది, చదవడమే రావాలి. హిందీకి వేరే పుస్తకం కొనను.

అమ్మలుకి మాత్రం జవాబులున్న పుస్తకమే కావాలి. టెన్త్ పరీక్ష రాసే పిల్ల తన జవాబు తానే సరిచూసుకోగలగాలి. తెలుగు మాధ్యమం ఎన్‌ఐఓఎస్ సైన్సు కూడా పక్కన పెట్టాను, ఇంగ్లీషులో అర్థం కాని చోట చూసుకుంటుంది. చుక్కల మీద ఇష్టం కాబట్టి కొడవటిగంటి రోహిణీప్రసాద్ 'విశ్వాంతరాళం'.

18 మే

డాలస్ నుంచి వదిన ఫోన్ చేసింది. వాళ్ళ పెద్దోడు అక్కడ ఇంట్లోనే చదువుతున్నాడు. టెక్సాస్‌లో ఇంటి చదువు కూడా ప్రైవేటు బడి కిందకే వస్తుందని అక్కడి సుప్రీంకోర్టు 1994లోనే తేల్చింది. చదవడం, స్పెల్లింగ్, గ్రామర్, లెక్కలు, మంచి పౌరుడిగా మెలగడం నేర్పితే చాలు. మన విద్యాహక్కు చట్టంలో ఇంటి చదువు గురించి విడిగా ఒక్క మాటా లేదు. పిల్లల్ని దగ్గర్లోని బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అని మాత్రం ఉంది. స్పష్టంగా రాసి ఉంటే ఎన్ని కుటుంబాలకి గుండెల మీద బరువు దిగేదో.

వదిన ఏడాదికి సరిపడా పాఠాలన్నీ ఒకే పెట్టెలో వచ్చే సెట్టు కొంటుంది. సోమవారం ఏ పేజీ, మంగళవారం ఏ పేజీ, అన్నీ రాసే ఉంటాయి. "నీకూ పంపనా వదినా?" అంది. వద్దన్నాను. ఒకే పిల్లాడు లెక్కల్లో ఎనిమిదిలో, ఇంగ్లీషులో ఆరులో ఉండొచ్చు. సెట్టు అన్నిటినీ ఒకే మెట్టు మీద నిలబెడుతుంది. అయితే ఆమె వాడే సాక్సన్ లెక్కల పద్ధతి నచ్చింది. ప్రతి పాఠం కింద ఆ పాఠం లెక్కలు కొన్నే ఉంటాయి. మిగతావన్నీ వెనకటి పాఠాలవి, కలిపి ఇస్తారు. మరిచిపోయే వీలే ఉండదు. ఆ పుస్తకం కొనకుండానే పద్ధతి తీసుకున్నాను: వారానికి ఒక రోజు పాత లెక్కలే.

8 జూన్

ఎన్‌సీఈఆర్‌టీ కొత్త లెక్కల పుస్తకం 'గణిత ప్రకాశ్'. ఏడుకి వెళ్ళేముందు ఆరో క్లాసుది ఒకసారి తిరగేయమన్నాను. పిల్లలు వరసగా నిలబడి, తమ పక్కనున్నవాళ్ళలో తమకన్నా పొడుగువాళ్ళెందరో చెప్పే ఆట ఒకటి ఉంది అందులో. ఇంట్లో అంతమంది పిల్లలెక్కడ? చిన్నోడు వంటింటి గట్టు మీద స్టీలు డబ్బాలు పేర్చాడు. కందిపప్పు, మినప్పప్పు, పంచదార, టీపొడి, మెంతులు. ఒక్కోటి ఒక్కో ఎత్తు. కింద చీటీల మీద సున్నా, ఒకటి, రెండు.

కొసనున్న డబ్బాకి రెండు రాగలదా? రాదు, పక్కన ఒక్కటే ఉంటుంది కనక. అన్నిటికీ సున్నా రావాలంటే? అటూ ఇటూ మార్చి మార్చి చూశాడు. పప్పు ఒలికింది, ఎత్తుకున్నాడు. చివరికి, "పక్కపక్కనున్న రెండిట్ల ఏదో ఒకటి పొట్టిదుంటది. దానికి సున్నా ఎట్లొస్తది?" అన్నాడు.

అదొక నిరూపణ. వాడికి ఆ పేరు తెలియదు. తెలియాల్సిన తొందరా లేదు. పుస్తకం వాడితో మాట్లాడింది, వాడు జవాబిచ్చాడు. కొనేశాను, ఏడుది కూడా.

12 జూన్

బళ్ళు తెరిచారు. పొద్దున్నే బస్సుల హారన్లు. మాకూ ఈరోజే మొదలు, ఎనిమిదిన్నరకి.

22 జూన్

ఎన్‌ఐఓఎస్ టెన్త్‌కి ఐదు సబ్జెక్టులు, అందులో కనీసం ఒకటి భాష. కావాలంటే ఇంకో రెండు కలుపుకోవచ్చు. ఇంగ్లీషు, తెలుగు, లెక్కలు, సైన్సు తేలిపోయాయి. ఐదోది పెయింటింగ్ అంది అమ్మలు. ఆయన సోషల్ అన్నారు. సోషల్ చదవని టెన్త్ ఏం టెన్త్ అని ఆయన బాధ. నాదీ సగం అదే బాధ. కానీ పద్నాలుగేళ్ళ పిల్ల తనకేం కావాలో కారణాలతో చెబుతోంది. ఆ మాటకి విలువ ఇవ్వకపోతే ఇన్నేళ్ళు ఇంట్లో చదివించి ఏం నేర్పినట్టు?

"సోషల్ చదువుతా నాన్నా. పరీక్ష మాత్రం రాయను," అంది.

6 జూలై

ఒప్పందం కుదిరింది. ఐదో సబ్జెక్టు పెయింటింగే. సోషల్ పరీక్ష కోసం కాకుండా చెరువుల చుట్టూ చదువుతారు, ఇద్దరూ కలిసి. కాకతీయులు తవ్వించిన పాకాల, రామప్ప, లక్నవరం. 1213 నాటి రామప్ప గుడి శాసనంతో చరిత్ర. గొలుసుకట్టు చెరువుల్లో నీళ్ళు ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎలా దిగుతాయో భూగోళం. ఆయకట్టు, పంటలు, అప్పులు కలిసి ఆర్థికశాస్త్రం. చెరువుల పూడికతీత ఎవరు చేయాలి, డబ్బు ఎక్కడిది అంటే పౌరశాస్త్రం. ఆయన దసరాకి వరంగల్ తీసుకెళ్తానన్నారు. అప్పటికి మ్యాపు గీసి సిద్ధంగా ఉంచాలి.

అడ్మిషన్ ఫారం రేపు నింపుతాం. అమ్మలు బర్త్ సర్టిఫికెట్ స్కాన్ చేయాలి, ఫొటో తీయించాలి. బోర్డువాళ్ళ అసైన్‌మెంట్లకి ఇరవై శాతం మార్కులున్నాయి కాబట్టి వాటికి నెలవారీ పట్టీ తానే వేసుకుంటానంది.