“మీ ఏరియల అంతే” అంటే ఊకున్న 50 రోజులు



పోస్టు కొంచెం పొడుగుంది, ఓపికతోని చదువుండ్రి. కొత్త కనెక్షన్ పెట్టించుకున్నా నెట్ స్లోగ వస్తుందని గ్రూపుల చానామంది అడుగుతున్నరు. మేము కూడ అదే బాధ పడ్డం. ఏం చేస్తే బాగైందో చెప్తం. బాగుచేసుకునుడు ఆలస్యమైతే మాకు ఏం పోయిందో అది కూడ చెప్తం.

మేము కరీంనగర్‌ల హాస్టల్ పిల్లలం. ఉట్నూర్, ఇంద్రవెల్లి, నార్నూర్ దిక్కు గూడేల నుంచి వచ్చి డిగ్రీ చదువుతున్నం. మా ఇండ్లల్ల కాలేజీ గేటు దాటిన మొదటోళ్లం మేమే. 2020 మార్చిల కరోనాకు హాస్టల్ బంద్ చేసిండ్రు. పెట్టెలు సర్దుకొని లక్షెట్టిపేట, జన్నారం మీదుగా ఇండ్లకు పోయినం. సెప్టెంబర్ 1 నుంచి స్కూలు పిల్లలకు దూరదర్శన్ యాదగిరిల, టీ-శాట్‌ల పాఠాలు మొదలైనయి. మాకు మాత్రం ఫోన్లనే క్లాసులు. మా గూడెంల ఫోన్ అంటే పాటలు వినే డబ్బా. సిగ్నల్ కావాలంటే చేన్లు దాటి గుట్ట ఎక్కాలె. వాన పడిందంటే ఆ రోజు క్లాసు లేనట్టే.

అందుకని నలుగురం ఒక మాట మీదికి వచ్చినం. కరీంనగర్ తిరిగి పోయి కోతిరాంపూర్‌ల ఒక మేడ మీద రూం కిరాయికి తీసుకున్నం. కింద ఓనర్ అంకుల్ వాళ్లు ఉంటరు. వాళ్లింట్ల పాత ల్యాండ్‌లైన్ ఫోన్ ఉంది. ఆ తీగ మీదనే డీఎస్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ ఇస్తమని, 8 ఎంబీపీఎస్ వరకు వస్తదని చెప్పిండ్రు. కంపెనీ పేరు రాస్తలేము, సగం తప్పు వాళ్లది కాదని తర్వాత తెలిసింది కాబట్టి. మోడెంకు, కనెక్షన్‌కు కలిపి 2,000 రూపాయలు. మనిషికి 500 పడ్డయి. మాల ఒకని 500 వాళ్ల అవ్వ కలుపు తీసిన కూలి పైసలు. రుమాలుల ముడేసి ఇచ్చింది, బస్సుల మా ముందటనే ముడి విప్పి లెక్కపెట్టిండు.

అక్టోబర్ 6న మోడెం పెట్టి పోయిండ్రు. వైఫైకి జోడేఘాట్ అని పేరు పెట్టుకున్నం. పచ్చ లైట్లు వెలుగుతుంటే సంబురంగ ఉండే. తెల్లారి క్లాసు ఓపెన్ చేస్తే సార్ మొఖం ఆగిపోయింది. మాట ఒకటి వస్తది, రెండు పోతయి. స్పీడ్ టెస్ట్ కొడితే 0.9 అని చూపెట్టింది. పొద్దుగాల కొట్టినా అంతే, అర్ధరాత్రి కొట్టినా అంతే.

ఫోన్ చేసి చెప్పాలె. కాని ఎవరు చేయాలె? మా ఇంటి భాష గోండి. అవతల గడగడ మాట్లాడేటోళ్లతోని ఫోన్ల మాట్లాడాలంటే ఇప్పటికీ జంకే. నువ్వు చెయ్ అంటే నువ్వు చెయ్ అని ఫోన్ నలుగురి చేతులు తిరిగింది. ఆఖరికి చేసినం. మొదటిసారి 24 గంటలు ఆగమన్నరు. రెండోసారి నలుగురు వాడితే అట్లనే ఉంటదన్నరు. మూడోసారి “మీ ఏరియల లైన్ అంతే” అన్నరు. సరే సార్, థాంక్యూ సార్ అని పెట్టేసినం.

ఆ ‘అంతే’ మాకు కొత్త మాట కాదు. రేషన్ తక్కువ తూకం వస్తే అంతే. దవాఖానల డాక్టర్ లేకపోతే అంతే. పోడు భూమికి పట్టా అడిగితే మీకు అంతే. మా నాయినలు ఆ మాట విని తలకాయ ఊపి ఇంటికి వచ్చుడు చిన్నప్పటి సంది చూసినం. చదువుకున్నమని అనుకున్న మేము కూడ అదే చేసినం. ఒక్క ప్రశ్న అడగలే.

ఉన్న నెట్‌నే పంచుకున్నం. గంటకు ఒకరు అని గోడ మీద టైం రాసినం. ఆ అవ్వ కొడుకు, మా దోస్తు, తక్కువ మాట్లాడేటోడు. ఫోన్ కూడ పాతది. “మీరు చూడుండ్రి, నేను తర్వాత నోట్స్ రాసుకుంట” అని తన గంట మాకే ఇచ్చేటోడు. మేము వద్దనలే. దీపావళికి దండారి ఉంటది గద, నవంబర్ రెండో వారంల ఇంటికి పోయిండు. దండారి అయిపోయింది, పత్తి ఏరుడు మొదలైంది, వాడు రాలేదు. ఇంటర్నల్ పరీక్ష ఆన్‌లైన్ల పెట్టిండ్రు. అది కూడ రాయలే. వానికి చదువు మీద మనసు లేదని మేమే ఒకరికొకరం చెప్పుకున్నం.

ఆ తర్వాత మా పాత హాస్టల్ సీనియర్ అన్న ఒకాయన ఫోన్ చేసిండు. పాలిటెక్నిక్ చేసిండాయన. మా బాధ విని “అంతే అని ఎవరన్నా అంటే, ఎంత అని అడగాలెరా. అంకె లేకుండ గొడవ పెట్టుకోవద్దు” అన్నడు. ఆ రాత్రి ఫోన్లనే ఒక్కొక్కటి చేపిచ్చిండు.

ముందుగాల లెక్క సాఫ్ చేసిండు. 8 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 8 మెగాబిట్లు. 8 బిట్లు కలిస్తే ఒక బైట్. అంటే సినిమా డౌన్‌లోడ్ అయ్యేటప్పుడు సెకనుకు 1 ఎంబీ చూపెడితే 8 వచ్చినట్టే. చానామంది దీని దగ్గరనే కంపెనీని తిడతరు. మాది అది కాదు, నిజంగనే తక్కువ.

రెండోది, వైఫై తీసి పక్కన పెట్టమన్నడు. కింద అంకుల్ కొడుకు ల్యాప్‌టాప్ అడిగి తెచ్చి, మోడెంకు ల్యాన్ కేబుల్ గుచ్చి టెస్ట్ కొట్టినం. మళ్ల 0.9. గోడలు, దూరం, ఫోన్లు, ఇవేవీ కారణం కావని తేలింది. కేబుల్‌తోని బాగా వచ్చి వైఫైతోని రాకుంటే తప్పు రూంలనే ఉన్నట్టు. రెండిట్ల తక్కువ వస్తే లైన్ల చూడాలె.

మూడోది, మోడెం లోపలి పేజీ. బ్రౌజర్ల 192.168.1.1 కొడితే తెరుచుకుంటది, పాస్‌వర్డ్ మోడెం కింద స్టిక్కర్ మీద ఉంటది. దాంట్ల డీఎస్ఎల్ స్టేటస్ అని ఉంటది. నాలుగు అంకెలు రాసుకోమన్నడు. ఇప్పుడు కుదిరిన వేగం 1,056 కేబీపీఎస్. ఈ లైన్ మీద రాగల గరిష్ఠ వేగం 1,400. నాయిస్ మార్జిన్ 5 డెసిబెల్స్. అటెన్యుయేషన్ 41 డెసిబెల్స్.

ఆ అంకెలకు అర్థం కూడ చెప్పిండు. అటెన్యుయేషన్ అంటే ఎక్స్ఛేంజ్ నుంచి వచ్చేవరకు సిగ్నల్ ఎంత అరిగిందో ఆ లెక్క. మామూలు టెలిఫోన్ రాగి తీగల కిలోమీటర్‌కు 13, 14 దాకా పోతది. అంటే మాది సుమారు మూడు కిలోమీటర్ల తీగ. నాయిస్ మార్జిన్ అంటే ఇప్పటి వేగానికి కావలసినదాని కంటే గోల మీద సిగ్నల్ ఇంకెంత ఎక్కువ ఉందో ఆ లెక్క. 6 కంటే కిందికి పోతే లైన్ మాటిమాటికి తెగుతది. “మూడు కిలోమీటర్లకు 8 రావచ్చురా. మీ లైన్ల దూరం కాదు, ఏదో గోల ఉంది. ల్యాండ్‌లైన్ మోగితే నెట్ పోతదా?” అని అడిగిండు.

మేము ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం. పోతది! కింద ఫోన్ మోగినప్పుడల్ల నెట్ బంద్ అయ్యేది. ఆ ఫోన్‌ది అపశకునం అని నవ్వుకున్నం గాని, అదే జవాబని తెల్వలే.

తెల్లారి అంకుల్‌ను అడిగి తీగ వెంబడి నడిచినం. స్తంభం నుంచి వచ్చిన తీగ ముందు గదిల చిన్న డబ్బాల చేరుతది. అక్కడి నుంచి ఒక తీగ నేరుగ ఫోన్‌కు. ఇంకోటి ఎప్పటిదో, పైన మా రూంకు. నడిమిట్ల రెండు కాడ మెలిపెట్టి నల్లటేపు చుట్టిండ్రు, ఒక అతుకు పచ్చగ చిలుము పట్టింది. మూడో తీగ వెనుక గదికి పోయి ఊకె గోడకు వేలాడుతుంది. ఒకప్పుడు అక్కడ ఇంకో ఫోన్ ఉండెనట.

ఒకే రాగి తీగల మాట కింది పట్టీల పోతది, 4 కిలోహెర్ట్జ్ లోపల. నెట్ దాని పైన 25 కిలోహెర్ట్జ్ దాటినంక పోతది. ఒకే బాట మీద నడిచేటోళ్లు ఒక పక్క, ఎడ్లబండ్లు ఒక పక్క పోయినట్టు. రెండిటిని విడదీసేది స్ప్లిటర్ అనే చిన్న డబ్బి. అది లేకుండ ఫోన్ పెడితే ఒకదాని మీద ఒకటి పడతయి. వేలాడే తీగ ఇంకో గోల. గుట్ట ముందట నిలబడి కేకేస్తే కేక తిరిగొస్తది గద, సిగ్నల్ కూడ ఆ తెగిన కొసకు పోయి తిరిగొచ్చి మంచి సిగ్నల్‌ను చెడగొడతది. స్ప్లిటర్ మాకు కొత్తది ఇచ్చిండ్రు, మోడెం డబ్బాల కవర్ కూడ విప్పకుండ పడి ఉంది. పెట్టేటోడు పెట్టలే, మేము చూడలే.

అంకుల్ ముందటనే వెనుక గది తీగ విప్పినం. స్ప్లిటర్‌ను మొదటి డబ్బా కాడనే పెట్టినం. ఒక మూతి ఫోన్‌కు, ఒక మూతి మోడెంకు. మోడెం కిందనే పెట్టి, పైకి ల్యాన్ కేబుల్ లాగినం. పేజీ తెరిస్తే గరిష్ఠ వేగం 9,300! నాయిస్ మార్జిన్ 22. కాని కుదిరిన వేగం సక్కగ 2,048 కాడ ఆగింది. ఎన్నిసార్లు చూసినా 2,048.

“ఇప్పుడు తప్పు వాళ్లది” అన్నడు అన్న. లైన్ 9,300 మోయగలిగి కూడ గుండు అంకె కాడ ఆగిందంటే ఎక్స్ఛేంజ్‌ల మన పోర్టుకు చిన్న ప్లాన్ ప్రొఫైల్ పెట్టినట్టు. ఈసారి ఫోన్ ఎవరు చేయాలె అని కొట్లాడలే. కాయితం మీద అంకెలు రాసుకొని కూచున్నం. “లైన్ గరిష్ఠం 9,300 ఉంది, పోర్టు ప్రొఫైల్ 2 కాడ ఉంది, మా ప్లాన్ 8, మార్చుండ్రి, డాకెట్ నంబర్ ఇయ్యుండ్రి” అన్నం. అవతలామె కొంచెంసేపు ఆగింది. ఏరియల అంతే అనలే. నంబర్ ఇచ్చింది. ఆ నంబర్ ఉంటేనే, పని కాకపోతే కంపెనీల అప్పీలు అథారిటీ దాకా పోవచ్చు. మాకు ఆ అవసరం పడలే. నవంబర్ 25న పేజీల 8,192 కనపడ్డది. స్పీడ్ టెస్ట్ 6.9.

8కి 6.9 ఏంది అంటరేమో. తీగ మీద డేటా చిన్న చిన్న మూటలు కట్టుకొని పోతది. మూటలకు చుట్టిన గుడ్డ బరువు కూడ ఆ 8,192లనే లెక్కకొస్తది. నూటికి పదిహేను దాకా దానికే పోతది. కాబట్టి 6.9 సరైన లెక్కనే. దాని కోసం ఎవరితోని కొట్లాడొద్దు. ‘వరకు’ అనే మాటను కూడ చూసి సంతకం పెట్టుండ్రి. 2004ల మన దేశంల బ్రాడ్‌బ్యాండ్ అంటే కనీసం 256 కేబీపీఎస్ అన్నరు, 2013ల దాన్ని 512 చేసిండ్రు. మాకు వచ్చిన 0.9 కూడ అప్పటి లెక్కల కాయితం మీద బ్రాడ్‌బ్యాండే. అందుకే పేరు అడగొద్దు, అంకె అడగాలె.

ఆ సాయంత్రం ముగ్గురం ఒకేసారి మూడు క్లాసులు చూసినం. సార్ మొఖం ఆగలే. నాలుగో మూలన దోస్తు చాప చుట్టి ఉంది. వానికి మెసేజ్ పెట్టినం, “నెట్ బాగైంది, రా”. మూడు రోజులు ఒక్క టిక్కే. నాలుగో రోజు గుట్టెక్కి ఫోన్ చేసిండు. “నేను మొద్దు అనుకున్నరా, నాకు మాటే వినపడలేదురా. మీకు వినపడుతుందేమో అనుకున్న” అన్నడు.

ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటది. మాకు కూడ వినపడలే. వినపడ్డట్టు తలకాయ ఊపినం. ఇంటర్నల్ పోయింది, సెమిస్టర్ పోయింది. వాని 500 తిరిగి ఇస్తమంటే తీసుకోలే. తీగ విప్పుడు అరగంట పని. అడగనీకి 50 రోజులు పట్టింది.

లైన్ ఉన్న కాడ రిపేరు చేసుకోవచ్చు. వాళ్ల గూడెంల లైనే లేదు, అక్కడ ఏ తీగ విప్పుతం? అది వేరే కొట్లాట, అది కూడ అంకెలతోనే చేయాలె. ఎన్ని ఇండ్లు, ఎంతమంది చదివేటోళ్లు, టవర్ ఎంత దూరం, రాసి పెట్టుకుందం.

వాడు మళ్ల కాలేజీల చేరాలంటే ఏం కాయితాలు కావాలెనో ఆఫీసుల అడిగి రాసుకొచ్చినం. వచ్చే ఆదివారం ముగ్గురం వాళ్ల గూడెం పోతున్నం. వాని చాప విప్పి ఎండల ఆరేసినం.

మీకు కూడ నెట్ స్లోగ ఉంటే మోడెం పేజీ ఫొటో తీసి గ్రూపుల పెట్టుండ్రి. చూసి చెప్తం. మీ రూంల ఎవరన్నా తన గంట మీకిచ్చి ఊకె కూచుంటే, ముందు వాన్ని అడుగుండ్రి.

జై ఆదివాసీ.