టైమ్ మెషిన్ దిగితే నేను ఏ వీధిలో ఉంటాను?

(పాఠాల వెనక పాఠాలు – 23)

ఈ వారం నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మా కాలేజీలో డిగ్రీ రెండో సంవత్సరం చదివే అమ్మాయి ఒకతె ఫోన్లో నవల రాస్తోంది. పేరు చెప్పను. చిత్తూరు దగ్గర పల్లె. నాలాగే మాదిగింటి పిల్ల. ప్రతిలిపి లాంటి యాప్‌లలో ఇలాంటి ధారావాహికలు తెలుగులో కుప్పలుగా వస్తున్నాయి. రాసేవాళ్లలో, చదివేవాళ్లలో ఆడపిల్లలు చాలామంది. మన సాహిత్య సభల్లో ఎవరూ వీటి ఊసెత్తరు.

ఒకరోజు స్టాఫ్ రూమ్ బయట నిలబడి, "మేడమ్, మీరొక్కసారి చదవతారా?" అని లింకు పంపింది. ఆ రాత్రి కూర్చుని పదకొండు భాగాలూ చదివేశాను.

కథ ఇది. తిరుపతిలో చదువుకునే ఆద్య అనే అమ్మాయి చంద్రగిరి కోట చూడ్డానికి పోతుంది. రాజమహల్ వెనక ఒక పాడుబడిన గది. అందులో ఇత్తడి చక్రాలు, తోలు పట్టీలు, రాగి గొట్టాలు ఉన్న యంత్రం. చెయ్యి తగలగానే ఆవిరి బుస్సుమంటుంది. కళ్లు తెరిస్తే విజయనగర రాజుల కాలం. ఒక యువరాజు. శాపం తగిలి చిలుకగా మారిన అతని చెల్లెలు. నిప్పుల మీద నీళ్లు కాగితే ఎగిరే ఇత్తడి పల్లకి. మధ్యలో మంచి ప్రేమ. నిజం చెప్తున్నా, రాత్రి రెండింటి దాకా ఫోన్ కింద పెట్టలేదు.

ఆద్య వాళ్ల నాయన బ్యాంకు మేనేజరు. ఎయిర్ బైపాస్ రోడ్డులో సొంతిల్లు, ఇంట్లో పూజగది, వాళ్లమ్మకు వీణ వచ్చు.

మర్నాడు ఆ పిల్లతో అన్నాను: "బాగుండాది పాపా. కానీ ఈ ఆద్య ఎవురు? ఈ రాజులూ యువరాజులూ మనకెందుకు? మనోళ్ల కథ రాయకూడదా?"

"సరే మేడమ్" అని తలొంచుకుని పోయింది. తర్వాత మూడు వారాలు కొత్త భాగం రాలేదు.

నాలుగో వారం బస్సులో వస్తుంటే నేనన్న ఆ చివరి మాట నా చెవిలో నాకే వినబడింది. అది నా మాట కాదు. పీహెచ్‌డీలో చేరిన కొత్తల్లో ఒక పెద్దాయన నాతో అన్న మాట. పింగళి సూరన 'కళాపూర్ణోదయం' మీద పరిశోధన చేస్తానని వెళ్లాను. పదహారో శతాబ్దపు కావ్యం, మన రాయలసీమలోనే నంద్యాల రాజుకు అంకితమిచ్చింది. బ్రహ్మ సరస్వతికి ఒక కథ చెప్తాడు. అది అప్పటికింకా జరగని కథ, ముందు ముందు భూమ్మీద జరగబోయే కథ. కాలాన్ని అట్లా ముడేసి, విప్పి, మళ్లీ ముడేసిన ప్రేమకథ నాకు తెలిసి మన ప్రబంధాల్లో ఇంకోటి లేదు. ఆయన నా కాగితం చూసి నవ్వుతూనే, "నీకెందుకమ్మా ఈ ప్రబంధాలు? మీవాళ్ల సాహిత్యం ఉంది కదా, అది చెయ్యకూడదా?" అన్నాడు.

మావాళ్ల సాహిత్యమే చేశాను. గర్వంగానే చేశాను. కానీ దాన్ని నేనుగా ఎంచుకోవడం వేరు, ఇదే నీ గది అని చూపించి తలుపేయడం వేరు. ఆ పెద్దాయన నా మీద వేసిన తలుపును నేను ఆ పిల్ల మీద వేశాను.

ఇంతకీ ఈ కథలంటే నాకెందుకంత పిచ్చో చెప్పాలి.

మా అమ్మ ఊళ్లో పెద్దింట్లో గొడ్లచావిడి పని చేసేది. వాళ్లు పాత చందమామలు తూకానికి వేసే ముందు అమ్మ నాలుగైదు అడిగి తెచ్చేది. 'తోకచుక్క', 'కంచుకోట', 'జ్వాలాద్వీపం' రాసింది దాసరి సుబ్రహ్మణ్యం అని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పట్లో తెలిసిందల్లా చిత్రా గారి బొమ్మలు. గద్దల మీద ఎగిరే మనుషులు, కొండల్లో కోటలు. అట్ట చినిగితే అమ్మ గంజి పెట్టి అతికించేది.

టీవీలో 'పాతాళభైరవి' వస్తే మా వాడంతా ఒకే ఇంటి ముందు కూర్చునేది. 1951 నాటి సినిమా. తీసిన కె.వి. రెడ్డిది తాడిపత్రి, నిర్మాతల్లో ఒకరైన నాగిరెడ్డిది కడప జిల్లా. తోటమాలి కొడుకు తోట రాముడు ఉజ్జయిని రాకుమారిని ప్రేమిస్తాడు. మా అవ్వ ఆ సినిమా ఎన్నిసార్లు చూసిందో లెక్క లేదు. "తోటోడి కొడుకు రాజు కూతుర్ని చేసుకున్న్యాడు సూడు" అని ప్రతిసారీ కొత్తగా ఆశ్చర్యపోయేది. అయితే ఒక్కటి గమనించండి. రాజు అతన్ని కులం అడగడు, సంపద అడుగుతాడు. ఆ సంపద తేవడానికి మాంత్రికుణ్ణి దాటాలి, పాతాళానికి దిగాలి, భైరవి వరమివ్వాలి. అంత జరిగితే తప్ప పెళ్లి కుదరదు.

పంచతంత్రంలో ఇంకో కథ ఉంది. ఒక సాలెవాడు ఉత్సవంలో రాకుమారిని చూసి మనసు పారేసుకుంటాడు. అతని స్నేహితుడు వడ్రంగి కొయ్యతో గరుత్మంతుణ్ణి చేసిస్తాడు. కీలు తిప్పితే ఎగురుతుంది. సాలెవాడు దానిమీద ఎక్కి, విష్ణువు వేషంలో, రాణివాసం మేడ మీద దిగుతాడు. 1949లో అక్కినేని, అంజలీదేవి నటించిన 'కీలుగుర్రం' చూసినవాళ్లకు ఈ కీలు సంగతి తెలుసు. ఎగిరే యంత్రం, ప్రేమ, మాయ, అన్నీ మన దగ్గర ఏనాటి నుంచో ఉన్నాయి. చేసింది వడ్రంగి. ఎక్కింది సాలెవాడు. కానీ ప్రేమించబడాలంటే దేవుడి వేషం వేయాల్సి వచ్చింది. తన మొహంతో, తన పేరుతో ఆ మేడ మీద దిగే ధైర్యం కథకు కూడా లేదు.

ఇక 'ఆదిత్య 369'. 1991లో సింగీతం శ్రీనివాసరావు తీశారు. టైమ్ మెషిన్ ఎక్కి హీరో హీరోయిన్లు 1526లోకి, శ్రీకృష్ణదేవరాయల కొలువులోకి పోతారు. చిన్నప్పుడు ఆ సినిమా చూసి నేను కూడా పోవాలనుకున్నాను. ఎమ్మే చదివేటప్పుడు మళ్లీ చూస్తే ఒక ప్రశ్న పుట్టింది. ఆ యంత్రం నన్ను తీసుకుపోతే ఎక్కడ దింపుతుంది? కొలువులో కాదు కదా. మరి ఏ వీధిలో?

జవాబు రాయలవారే రాసిపెట్టారు. ఆయన 'ఆముక్తమాల్యద' మొత్తం ఒక ప్రేమకథ. గోదాదేవి రంగనాథుణ్ణి ప్రేమించిన కథ. అందులోనే చివర్లో మాలదాసరి కథ వస్తుంది. అంటరాని కులంలో పుట్టిన భక్తుడు రోజూ తెల్లవారకముందే కురుంగుడి గుడికి నడిచిపోయి, బయటే నిలబడి పాడి, తిరిగి వస్తాడు. దారిలో బ్రహ్మరాక్షసుడు పట్టుకుంటే, పాడివచ్చి నీకు ఆహారమవుతానని మాటిచ్చి, ఆ మాట నిలబెట్టుకుంటాడు. అంతటివాడి పాట ఫలం బ్రాహ్మణుడిగా పుట్టి రాక్షసుడైనవాణ్ణి విడిపించింది గానీ, అతన్ని గుడి గడప దాటించలేదు.

అదీ ఆ కాలంలో నా అడ్రస్. రాయలు, ఇద్దరు దేవేరుల విగ్రహాలు ఇప్పటికీ తిరుమల గుడిలో చేతులు జోడించి నిలబడి ఉన్నాయి. అవి లోపల. మా దాసరి బయట. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశాన్ని అందరికీ హక్కుగా చేసే చట్టం రావడానికి 1947 దాకా పట్టింది.

కాలంలో వెనక్కి పోవడం అందరికీ విహారం కాదు. అమెరికాలో ఆక్టేవియా బట్లర్ అనే నల్లజాతి రచయిత్రి 1979లో 'కిండ్రెడ్' రాసింది. 1976లో కాలిఫోర్నియాలో ఉన్న డానా అనే నల్లజాతి యువతి ఉన్నట్టుండి బానిసత్వపు రోజుల్లోని మేరీలాండ్ తోటలో పడుతుంది. ఆమెకు అక్కడ యువరాజు దొరకడు, కొరడా దొరుకుతుంది. తెల్లవాడైన ఆమె భర్త కూడా ఒకసారి ఆ కాలంలోకి పోతాడు. అదే ఇల్లు, అదే ఏడాది, కానీ అతను దిగిన కాలం వేరు, ఆమె దిగిన కాలం వేరు. ఆ పుస్తకం మూసేశాక నాకు చంద్రగిరి కోట మునుపటిలా కనబడలేదు.

ఆ పిల్ల నవల్లోని ఇత్తడి చక్రాల వ్యవహారాన్ని స్టీమ్‌పంక్ అంటారట. 1987లో కె.డబ్ల్యు. జీటర్ అనే అమెరికన్ రచయిత సరదాగా పెట్టిన పేరు. విక్టోరియా రాణి కాలం, ఆవిరి యంత్రాలు, ఆకాశనౌకలు, తోలు బెల్టులు, తోలు కళ్లజోళ్లు. అందంగానే ఉంటుంది. కానీ ఆ రాణి కాలంలోనే, 1876–78లో, మన సీమకు ధాత కరువు వచ్చింది. ఆవిరి బండ్లు ధాన్యాన్ని ధర పలికే చోటికి మోసుకుపోయాయి. కరువు పనుల్లో మగమనిషి రోజు కూలీని రిచర్డ్ టెంపుల్ అనే దొర ఒక పౌను ధాన్యం, ఒక అణాకు తగ్గించాడు.

మా తాత కపిల బావులకు తోలు బానలు కుట్టేవాడు. కమ్మరి కొలిమికి తిత్తి కుట్టేవాడు. మా వైపు నుంచి చాలామంది రాణిపేట, ఆంబూరు తోలు షాపుల్లో పనికి పోయినారు. ఆ కాలపు మిల్లుల్లో చక్రాన్ని చక్రానికి కలిపి తిప్పింది తోలు పట్టీలే. యంత్రం తిరగాలంటే మా పని కావాలి. కథలో మాత్రం మేం కనబడం.

అట్లాగని ఈ కథలు వదిలేద్దామా? వదిలేయలేదు మన జాషువా. కాళిదాసు యక్షుడు భార్యకు మేఘంతో కబురు పంపాడు. 1941లో జాషువా 'గబ్బిలం'లో తంజావూరి అంటరాని మనిషి చేత కాశీ విశ్వనాథుడికి గబ్బిలంతో కబురు పంపించాడు. ఎందుకు గబ్బిలం? గుళ్లోకి దానికి అడ్డు లేదు, అతనికి ఉంది. ప్రేమ సందేశపు అచ్చును తీసుకుని అందులో మన అడ్రస్ రాశాడు. మాయను వదులుకోలేదు.

నేను ఆ పిల్లకు చెప్పాల్సింది ఈ మాట. చెప్పింది వేరే మాట.

పోయిన సోమవారం క్లాసు అయ్యాక పిలిచి, "తప్పు నాదే పాపా, నువ్వు రాయి" అన్నాను. ఆ పెద్దాయన సంగతీ, సాలెవాడి సంగతీ చెప్పాను. విని, కాసేపాగి అడిగింది:

"మేడమ్, ఆద్యని మన పిల్లని చేస్తే కోటలోకి ఎట్ట పోతాది? గేటు కాడే ఆపేస్తారు కదా. ఆపకపోతే అబద్ధం. ఆపితే కథ అయిపోతాది."

నా దగ్గర జవాబు లేదు. ఒక తెలుగు డాక్టరేట్‌కు ఇంతకన్నా మంచి ప్రశ్న ఎదురుకాదు.

"ఇంగోటి మేడమ్. యువరాజుని తీసేయమనొద్దండి."

"తీసేయమనను" అన్నాను.

ఆ పిల్ల యువరాజును ఎందుకు వదలదో నాకు తెలుసు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ఆసుపత్రి బయట, గర్భంతో ఉన్న భార్య కళ్ల ముందే, కులం దాటి పెళ్లి చేసుకున్న మన పిల్లవాణ్ణి నరికి చంపిన వీడియో ఈ పిల్లలందరూ ఫోన్లో చూసినారు. అప్పుడు వీళ్లకు పన్నెండూ పదమూడేళ్లు. కులం అడగని ప్రేమ ఒకటి ఉంటుందని ఊహించుకోవడానికి వీళ్లకు ఎగిరే పల్లకి కావాల్సి వస్తే, ఆ పల్లకిని ఎగతాళి చేసే హక్కు నాకెక్కడిది?

నిన్న రాత్రి పన్నెండో భాగం వచ్చింది. ఆద్యకు ఇప్పుడు ఇంటిపేరు ఉంది, అది ఆ పిల్ల సొంత ఇంటిపేరే. యంత్రం కోట బయట, ఊరి చివర పడింది. తిత్తి చినిగి ఆవిరి నిలబడటం లేదు. రాజుగారి శిల్పులు, పండితులు వచ్చి చూసి తల పట్టుకున్నారు. వాడలో ఒక ముసలాయన ఆరె, దారం తీసుకుని కూర్చున్నాడు. పక్కనే ఆద్య. తిత్తి కుట్టించుకోవాలంటే యువరాజే గుర్రం దిగి వాడలోకి నడిచి రావాలి. ఇంకా రాలేదు. మలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

అక్కడ ఆపేసింది దొంగపిల్ల. పదమూడో భాగం శుక్రవారమట.

జై భీమ్.