అయిదు అడుగుల దూరంలో అమ్మ

తెనాలిలో మా ఇంటి ముందుగదిలో నాన్నగారి ఫోటో ఒకటి ఉంది. 1996లో ఆయన పోయినప్పుడు దండ వేయడానికి చూస్తే, ఆయన ఒక్కరే ఉన్న ఫోటో ఇంట్లో ఒక్కటీ లేదు. మా పిన్ని పెళ్ళినాటి గ్రూపు ఫోటోలో మూడో వరసలో నిలబడ్డ నాన్నని కత్తిరించి, పెద్దది చేయించి, వెనకాల నీలం రంగు వేయించి, అలుక్కుపోయిన కళ్ళని కుంచెతో దిద్దించారు. చూసినవాళ్ళందరూ బాగుందన్నారు. అమ్మ మాత్రం, "ఆ కళ్ళు ఆయనవి కావురా" అంది. ఒక్కసారే అంది. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నేను మాత్రం మరిచిపోలేకపోయాను.

అందుకే 2019 మే నెలలో అమ్మ ఆరు నెలలు ఉందామని నేపర్‌విల్ వచ్చినప్పుడు, తిరిగి వెళ్ళేలోగా ఆమెది ఒక మంచి ఫోటో తియ్యాలని గట్టిగా అనుకున్నాను. అప్పటికి అమ్మకి 74 ఏళ్ళు.

పిల్లలూ, "ఫోనుతో క్షణంలో అయిపోయే పనికి ఇంత కథ ఎందుకు అంకుల్?" అని మీరు అడగవచ్చు. మా అమ్మాయీ అదే అడిగింది. నా దగ్గర ఫిల్ము వేసుకునే పాత లైకా ఎం6 కెమెరా ఒకటుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. దీన్ని రేంజ్‌ఫైండర్ కెమెరా అంటారు. ఇందులో మనం లెన్సులోంచి చూడం. పైన ఉన్న చిన్న కిటికీలోంచి చూస్తాం. దానికి కాస్త ఎడంగా మరో బుల్లి కిటికీ ఉంటుంది. రెండు కిటికీల్లోంచి వచ్చే బొమ్మలూ మధ్యలో ఒక చిన్న మచ్చలో కలుస్తాయి. అమ్మ కళ్ళజోడు అంచు మొదట రెండుగా కనబడుతుంది. లెన్సు తిప్పుతుంటే ఆ రెండూ దగ్గరికి జరిగి ఒక్కటవుతాయి. ఒక్కటయ్యాయంటే ఫోకస్ కుదిరినట్టే! మన రెండు కళ్ళూ కలిసి దూరాన్ని అంచనా కట్టినట్టే ఇదీనూ.

ఇంకో విశేషం, ఏ లెన్సు తగిలించినా కిటికీలో కనిపించే దృశ్యం అంతే ఉంటుంది. ఫిల్ము మీద ఎంత మేర పడుతుందో చూపించే తెల్లగీతల చట్రం ఒక్కటే మారుతుంది. 50 మిల్లీమీటర్ల లెన్సుకి పెద్ద చట్రం, 90కి చిన్నది, 135కైతే మధ్యలో అగ్గిపెట్టంత!

నా దగ్గర అప్పటికి ఉన్నది 50 లెన్సు. జూన్‌లో ఒక సాయంత్రం అమ్మని రివర్‌వాక్‌కి తీసుకెళ్ళి, డూపేజ్ నది ఒడ్డున బెంచీ మీద కూర్చోబెట్టి తీశాను. ముఖం చట్రం నిండా రావాలంటే బాగా దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది. కెమెరా ముఖం మీదికి రాగానే అమ్మ బిగుసుకుపోయింది, పాస్‌పోర్టు ఆఫీసులో కూర్చున్నట్టు. ఫిల్ము కడిగించి చూస్తే ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్టుగా ఉన్నాయి. "నేనింత ముక్కుదాన్నట్రా?" అంది.

తప్పు ముక్కుది కాదు, లెన్సుదీ కాదు, దూరానిది. ముక్కు కొన చెవి కంటే సుమారు 12 సెంటీమీటర్లు ముందుంటుంది అనుకోండి. కెమెరా ముక్కుకి 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, చెవితో పోలిస్తే ముక్కు ఇరవై శాతం పెద్దదిగా పడుతుంది. అదే మీటరున్నర దూరంనుంచి తీస్తే ఆ తేడా ఎనిమిది శాతమే. మరి అంత దూరంలో ఉండి కూడా ముఖం చట్రం నిండాలంటే కొంచెం పొడుగు లెన్సు కావాలి. పోర్ట్రెయిట్లకి 75 నుంచి 105 దాకా లెన్సులు వాడేది అందుకే. 1985 జూన్ నేషనల్ జియోగ్రాఫిక్ అట్ట మీద వచ్చిన ఆకుపచ్చ కళ్ళ అఫ్గాన్ అమ్మాయి ఫోటో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. స్టీవ్ మెక్‌కరీ ఆ ఫోటో తీసింది నికాన్ వాళ్ళ 105 లెన్సుతో. ఆ 105 మొట్టమొదట 1954లో వచ్చింది నికాన్ రేంజ్‌ఫైండర్ కెమెరాల కోసమే!

ఇంత తెలిశాక అత్యాశ పుట్టింది. మిత్రుడి దగ్గర 135 లెన్సు అరువు తెచ్చాను. అరోరా బాలాజీ గుడి బయట అమ్మ మరో ఇద్దరు పెద్దావిడలతో ఆవకాయ కబుర్లలో ఉండగా, పదిహేను అడుగుల దూరంనుంచి తీశాను. అగ్గిపెట్టంత చట్రంలో అమ్మ కళ్ళు ఎటు చూస్తున్నాయో కూడా తెలియలేదు. పైగా ఎం6లో రెండు కిటికీల మధ్య దూరం 7 సెంటీమీటర్ల లోపే. దృశ్యాన్ని 0.72 వంతుకి తగ్గించి చూపిస్తుంది కాబట్టి అది 5 సెంటీమీటర్లకి సమానం. లెన్సు పొడుగయ్యేకొద్దీ ఆ కొలతలో చిన్న పొరపాటు కూడా పెద్దగా బయటపడుతుంది. నా ఫోకస్ పక్కావిడ భుజం మీద పడింది! ఒక్క ఫోటో మాత్రం బాగా కుదిరింది. అందులో అమ్మ నవ్వుతోంది, కానీ ఎవరో తెలిసిన పెద్దావిడలా ఉంది. "దొంగచాటుగా తీశావేంట్రా?" అని ఫోటో పక్కన పెట్టేసింది. నాకూ సిగ్గేసింది.

ఇక మిగిలినవి 75, 90. ఒక శనివారం రైలెక్కి షికాగో వెళ్ళాను. వాబాష్ అవెన్యూలో 1899లో మొదలైన సెంట్రల్ కెమెరా షాపులో రెండు రకాలూ చేతిలోకి తీసుకుని చూశాను. 75కి ఎం6లో నిండు చట్రం ఉండదు. 50 చట్రం లోపల మూలల్లో చిన్న గీతలే ఉంటాయి. అయినా అలవాటైతే ఇబ్బంది లేదు. 90కి చట్రం చిన్నదే కానీ స్పష్టంగా ఉంటుంది. కాకపోతే నేను చూసిన 90 మీటరు కంటే దగ్గరికి ఫోకస్ కాదు. ఏది కొనాలో తేలక ఉత్త చేతులతో ఇంటికొచ్చాను.

ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశాను. తలనుంచి ఛాతీ దాకా రెండడుగుల మేర చట్రం నిండాలంటే 50 లెన్సుతో రెండు ముప్పావు అడుగుల దూరంలో నిలబడాలి. 75తో నాలుగడుగులు, 90తో అయిదు, 135తో ఏడున్నర. అప్పుడు తట్టింది. నేను ఇన్నాళ్ళూ లెన్సు వెతుకుతున్నాను గానీ, అమ్మా నేనూ మామూలుగా ఎంత దూరంలో ఉండి మాట్లాడుకుంటామో ఎప్పుడూ చూడలేదు. మర్నాడు వంటింటి బల్ల దగ్గర అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే, టేపు తెచ్చి నా కుర్చీనుంచి ఆమె కుర్చీకి కొలిచాను.

"కొత్త బల్ల కొంటున్నావట్రా?" అంది.

"లేదమ్మా, లెన్సు కొంటున్నాను" అన్నాను.

సరిగ్గా అయిదు అడుగులు. పాత 90 లెన్సు కొన్నాను. ఎఫ్ 2 కాదు, ఎఫ్ 2.8. ఎఫ్ 2 బరువెక్కువ, ఖరీదెక్కువ. పైగా అయిదడుగుల దూరంలో దానితో స్పష్టంగా వచ్చే లోతు మూడు సెంటీమీటర్లే. ఎఫ్ 2.8తో నాలుగున్నర పైచిలుకు ఉంటుంది. నాలాంటివాడికి ఆ సెంటీమీటరున్నరే పెద్ద ఆసరా!

లెన్సు కుదిరింది కానీ అమ్మ కుదరలేదు. కెమెరా ఎత్తగానే పైట సర్దుకుని, గడ్డం దించి, పాస్‌పోర్టు ముఖం పెట్టేది. ఆ రోజుల్లోనే రాజా దీన్‌దయాళ్ గురించి చదివాను. ఆరో నిజాం కొలువులో ఫోటోగ్రాఫరుగా పేరు తెచ్చుకున్న ఆయన, 1892లో హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక స్టూడియో పెట్టించారు. అక్కడ ఫోటోలు తీసేది కూడా స్త్రీయే. ఎంత దూరంలో ఉన్నామన్నది సగమే, ఆ దూరంలో ఎదురుగా ఎవరున్నారన్నది మిగతా సగం అని అర్థమైంది.

సెప్టెంబరులో ఒక ఆదివారం మా అమ్మాయి తెలుగు బడినుంచి వచ్చి, నా పక్క కుర్చీలో కూర్చుని నానమ్మకి పాఠం చదివి వినిపిస్తోంది. కిటికీలోంచి మెత్తటి వెలుతురు అమ్మ ముఖం మీద పడుతోంది. నేను మోచేతులు బల్లకి ఆనించి, కళ్ళజోడు అంచు మీద ఫోకస్ చేసి కూర్చున్నాను. చదువుతూ చదువుతూ మా అమ్మాయి "కళ్ళు" అని ఉన్నచోట "కల్లు" అంది.

"కల్లు కాదే నా తల్లీ! కల్లు తాటిచెట్టుది, కళ్ళు మనవి! ఏదీ, నాలిక పైకి మడిచి అను, కళ్ళు!"

పిల్ల మళ్ళీ "కల్లు" అంది. అమ్మ పగలబడి నవ్వి, "విన్నావుట్రా నీ కూతురి తెలుగు!" అంటూ నా వైపు తిరిగింది. అప్పుడు నొక్కాను. ఈ కెమెరాలో ఎగిరిపడే అద్దం లేదు కాబట్టి నొక్కిన క్షణంలో కూడా కిటికీలో చీకటి పడదు. ఆ చూపు నేను చూస్తూ ఉండగానే ఫిల్ము మీదికి వెళ్ళింది. చిన్న "టిక్" తప్ప చప్పుడు లేదు. అమ్మ గమనించనేలేదు.

ఫోటో పెద్దది వేయించి తెచ్చి ఇచ్చాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది.

"కళ్ళు నావేరా" అంది. కాస్త ఆగి, "భద్రంగా దాచు. రేపు గ్రూపు ఫోటోలు కత్తిరించుకోనక్కర్లేదు" అంది.

"అవేం మాటలత్తయ్యా!" అని మా ఆవిడ కోప్పడింది. "ఉన్నమాటేగా" అంటూ అమ్మ చిక్కుడుకాయల గిన్నె ముందుకి లాక్కుంది.

అమ్మ ఆ అక్టోబరులో తెనాలి వెళ్ళిపోయింది. ఇప్పుడూ అక్కడే ఉంది. ఫోటో బీరువాలో చీరల అడుగున దాచుకుందట, ఎవరైనా వస్తే తీసి చూపిస్తుందట. మా అమ్మాయికి "ళ" ఇప్పుడు చక్కగా పలుకుతుంది.

పిల్లలూ, మీకు లైకా అక్కర్లేదు. చాలా ఫోన్లలో మామూలు లెన్సు 24-26 మిల్లీమీటర్లకి సమానం. దానితో ముఖం నిండా తియ్యాలంటే అడుగున్నర దూరానికి వెళ్ళాలి, అంటే అమ్మమ్మల ముక్కుకి ప్రమాదమన్నమాట! రెండు రెట్లో మూడు రెట్లో లెన్సు ఉంటే అది పెట్టుకుని, బల్లకి అవతల అయిదడుగుల దూరంలో కూర్చోండి. ఈ వారం తెలుగు పాఠం గట్టిగా చదవండి. ఒకటి రెండు తప్పులు వచ్చినా ఫరవాలేదు. వాళ్ళు దిద్దుతారు. అప్పుడు నొక్కండి.