దుమ్ము సంగతి

ఆడదాని చేతిలో అట్లకాడ ఉంటే ఎవరూ పట్టించుకోరు. అదే కరెంటుతో తిరిగే కొయ్యపని మిషను కనిపించిందా, వీధి వీధంతా ప్రహరీగోడ మీదనుంచి తొంగి చూస్తుంది. కొత్తగూడెంలో నా అనుభవం ఇదే.

మావారు రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి సొంతింటికొచ్చాం. సామాన్లతోపాటు మామగారి టేకు పడక్కుర్చీ కూడా వచ్చింది. ఏళ్లనాటి పాలిష్ నల్లబడి, అక్కడక్కడ పొక్కులు లేచి ఉంది. వడ్రంగికి కబురు చేస్తే "రేపొస్తానమ్మా" అన్నాడు. వడ్రంగి చెప్పే రేపూ, దర్జీ చెప్పే రేపూ ఏ క్యాలెండర్లోనూ ఉండవని మీకు చెప్పాలా!

ఆ గోడు విని మా అబ్బాయి హైదరాబాదు నుంచి చిన్న శాండరు పంపాడు. పైభాగం అరచేతిలో ఇమిడిపోతుంది. అడుగున అయిదంగుళాల గుండ్రటి పలక, దానికి అంటించే గరుకు కాగితం. "ఇస్త్రీ చేసినట్టు తోయడమేనమ్మా" అన్నాడు ఫోన్లో.

ఆ మాటే కొంప ముంచింది. ఇస్త్రీ అంటే మనకి నొక్కడమే కదా! ఉన్న బలమంతా పెట్టి నొక్కాను. పాలిష్ పోయిన మాట నిజమే కానీ, టేకు మీద జిలేబీ చుట్టల్లా గీతలు తేలాయి. తర్వాత తెలిసిందేమిటంటే, ఆ పలక గుండ్రంగా తిరుగుతూనే చిన్నచిన్నగా ఊగుతుంది కూడా. అందుకే గీసినచోటే మళ్లీ గీయదు. మనం నొక్కేస్తే తిరగడం మానేసి ఊగడమొక్కటే మిగులుతుంది. దానికి చేతి బరువు చాలు.

కాగితాల నంబర్లు మాత్రం మనకి సులువుగానే బోధపడతాయి. అవి జల్లెడ లెక్కే. 80 నంబరుది ముతక రవ్వ, 120 బొంబాయి రవ్వ, 220 మైదా అనుకోండి. ముతకనుంచి మెత్తనకి వరసగా పోవాలి. తొందరపడి నడిమిది దాటేశామో, గీతలు అప్పటికి కనబడవు కానీ పాలిష్ వేశాక పళ్లికిలిస్తాయి.

ఇన్ని తెలిసినదాన్ని దుమ్ము సంచీ మాత్రం చేతికి అడ్డమని ఊడదీసి పక్కన పెట్టాను. అరగంటలో తులసికోట, దండెం మీది బట్టలు, వాకిట్లో ముగ్గు, నా జుట్టు అన్నీ ఒకే రంగు. ఇంతలో మిషను చటుక్కున ఆగిపోయింది. కరెంటు పోయిందేమోనని చూద్దును కదా, స్విచ్చిబోర్డు దగ్గర మా అత్తగారు!

కుర్చీ పాడు చేశానని అంటారేమోనని బిక్కమొహం వేశాను. ఆవిడ కుర్చీ వంక చూడనైనా లేదు. తడి తువ్వాలు పిండి నా చేతికిచ్చారు.

"ముక్కుకి కట్టుకో ముందు."

"కొయ్యపొడే కదత్తయ్యా, బొగ్గు కాదుగా" అన్నాను నవ్వుతూ.

ఆవిడ నవ్వలేదు.

"మీ మామయ్య గనిలోంచి వచ్చాక మొహం తుడుచుకున్న తువ్వాలు ముప్ఫై ఏళ్లు ఉతికాను అమ్మాయ్. ఎన్ని నీళ్లు పోసినా నలుపు దిగేదే. బయటే ఇంతుంటే లోపలికి ఎంత పోయిందో అని రాత్రిళ్లు ఆయన ఊపిరి వింటూ పడుకునేదాన్ని. ఇప్పుడు నీ ఊపిరి కూడా వినమంటావా?"

నాకు నోట మాట రాలేదు. 1889లో ఇల్లెందులో బొగ్గు తవ్వకం మొదలైన దగ్గర్నుంచీ ఈ ప్రాంతంలో ఎంతమంది ఇల్లాళ్లు తువ్వాళ్లు ఉతుకుతూ ఇదే ఆలోచించి ఉంటారో!

ఆవిడ భయం చాదస్తమేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి క్యాన్సరు పరిశోధన సంస్థ 1995లోనే కొయ్యపొడిని క్యాన్సరు తెచ్చేవాటి జాబితాలో చేర్చింది. పాత కిటికీల రంగు గీకడం ఇంకా ప్రమాదం. రంగుల్లో సీసం మితిమీరకూడదని మన దేశంలో నిబంధన వచ్చింది 2016లోనే. అంతకుముందు వేసిన రంగుని పొడిగా రుద్దితే ఆ సీసమంతా పిల్లలు పాకే నేలమీదే పడుతుంది.

మర్నాడు సంచీ తగిలించి, దుమ్ము ఆపే మంచి మాస్కు తెప్పించుకుని మళ్లీ మొదలుపెట్టాను. కుడిచేతి పట్టె దగ్గర మాత్రం చెయ్యి ఆగింది. మామగారి అరచెయ్యి ఆనీ ఆనీ అక్కడ చిన్న గుంట పడింది. తడిమితే 220 కాగితం కూడా ఇవ్వలేనంత నునుపు.

"ఇది వదిలెయ్యనా అత్తయ్యా?"

"అది ఆయన నున్నగా చేసిందేగా, మళ్లీ నువ్వెందుకు చెయ్యడం?" అన్నారావిడ.

వదిలేశాను. కుర్చీ ఇప్పుడు తేనెరంగులో మెరుస్తోంది, ఆ ఒక్క పట్టె తప్ప. ఇప్పుడు మావారికీ సరదా పుట్టి మూలనున్న పీటలన్నీ బయటికి తీస్తున్నారు. కానీ ఆ పడక్కుర్చీ వేసింది సరిగ్గా స్విచ్చిబోర్డు కింద. అందులో అత్తగారు, గుంటలో ఆవిడ చెయ్యి. మాస్కు లేకుండా మిషను తిరగడమన్నది మా ఇంట్లో జరగని పని!