తెలిసిన మాటే, నోటికి రాదు

తార్నాక మెట్రో దిగి జాతీయ పోషకాహార సంస్థ మీదుగా నడుస్తూ పోతే ఉస్మానియా విశ్వవిద్యాలయం చెట్లు మొదలవుతాయి. మాటే బతుకుతెరువైన వాళ్లకు నడివయసులో ఆ మాటే సమయానికి అందకపోతే ఎలా నెట్టుకొస్తున్నారో అడిగి తెలుసుకోవాలని వెళ్లాను. నెలసరి పూర్తిగా ఆగేముందు కొన్నేళ్లపాటు ఒంట్లో జరిగే మార్పుల్లో ఒళ్లు మండటం గురించి ఆడవాళ్లు ఒకరికొకరు చెప్పుకుంటారు. తల మొద్దుబారినట్టుండటం, పేర్లు తట్టకపోవడం గురించి మాత్రం పెదవి విప్పరు.

1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ భవనం మెట్ల మీద ఒక తెలుగు అధ్యాపకురాలు నాతో కూర్చున్నారు. వయసు నలభై ఎనిమిది.

"ఇరవై ఏళ్లుగా వ్యాకరణం చెబుతున్నానండీ. ఆ రోజు బోర్డు మీద తల్లి, తండ్రి, తల్లిదండ్రులు అని రాశాను. 'త' ఎందుకు 'ద' అయిందో చెప్పాను. సంధి పేరు మాత్రం రాలేదు. నాలుక చివర ఆడుతోంది, బయటపడదు. ముందు బెంచీ అమ్మాయి 'గసడదవాదేశం మేడమ్' అంది. ఇంటికెళ్లి ఏడ్చాను. మా అమ్మకు చివరి రోజుల్లో మతి తప్పింది. నాకూ మొదలైందనుకున్నాను."

ఆమె చెప్పిన దాంట్లోనే జవాబుంది. సూత్రం పోలేదు, ఉదాహరణ పోలేదు. పేరు ఒక్కటే ఆ క్షణానికి చిక్కలేదు. జ్ఞాపకాన్ని, ఏకాగ్రతను చూసుకునే మెదడు భాగాల మీద ఈస్ట్రోజెన్ ప్రభావం ఉంటుంది. ఈ దశలో ఆ హార్మోను ఒక నెల పెరిగి, ఒక నెల పడిపోతూ నిలకడ లేకుండా ఉంటుంది. పైగా రాత్రి చెమటలతో నిద్ర తెగుతుంది. తెల్లారి పాఠం చెప్పాల్సింది ఆ అలసిన మెదడే.

అమెరికాలో 1990లలో మొదలైన 'స్వాన్' అధ్యయనం రెండువేల మందికి పైగా మహిళలకు ఏళ్ల తరబడి జ్ఞాపకశక్తి పరీక్షలు పెట్టింది. ఒకే పరీక్ష మళ్లీ మళ్లీ రాస్తే ఎవరికైనా కొంత మెరుగవుతుంది. ఈ దశలో ఉన్నవాళ్లకు ఆ మెరుగుదల ఆగింది. నెలసరి పూర్తిగా ఆగిపోయాక మళ్లీ కనిపించింది. 2009లో వచ్చిన ఆ ఫలితం ఆమెకు చెబితే, "అంటే తిరిగొస్తుందన్నమాట" అని రెండుసార్లు అన్నారు.

మతిపోయే జబ్బు వేరు, అది సగటున మొదలయ్యే వయసూ వేరు. మన హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి వైద్యులు 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే భాష వచ్చినవాళ్లకు ఆ జబ్బు సగటున 61 ఏళ్లకు, రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు వచ్చినవాళ్లకు 65 దాటాక మొదలైంది. తెలిసిన దారి తప్పుతున్నా, రోజూ వాడే వస్తువును ఎలా వాడాలో తోచకపోయినా అది డాక్టరుకు చూపించుకోవాల్సిన సంగతే. పేరు తట్టకపోవడం ఒక్కటే ఆ కోవలోకి రాదు.

ఇప్పుడామె క్లాసు మొదలుపెట్టేముందే ఆ రోజు పాఠంలోని పారిభాషిక పదాలను బోర్డు మూల రాసుకుంటున్నారు. మాట అందకపోతే దాని లక్షణం చెప్పి పిల్లలనే అడుగుతున్నారు. "వాళ్లకది పరీక్ష, నాకది ఊపిరి" అన్నారు. పొద్దున క్యాంపస్‌లో నడక, రాత్రి ఫోను మరో గదిలో. నాకు అన్నిటికన్నా నచ్చింది, ఆమె ఈ సంగతి తోటి అధ్యాపకురాళ్లకు చెప్పడం. ముగ్గురు "నాకూ అంతే" అన్నారట.

తిరుగుదారిలో తార్నాకలో ఒక టిఫిన్ సెంటర్‌లో ఆగాను. నలభై దాటిన ఒకామె గల్లాపెట్టె దగ్గర ఉంది. ఏం పనిమీద వచ్చానో చెబితే ఆమే మొదలుపెట్టింది. "ముప్పై ఐదేండ్లకే గర్భసంచి తీసేసిండ్రు మేడమ్. అప్పటిసంది నిద్ర లేదు. చిల్లర లెక్క తప్పుతది. సేటు తిడ్తడు." ప్రొఫెసరుకు పిల్లలు మాట అందిస్తారు. ఈమె లెక్క తప్పితే కూలిలో కోత. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీసేయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతం, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. అండాశయాలూ తీసేస్తే ఈ మార్పంతా ఒక్కసారిగా మీదపడుతుంది. ఇంత చిన్న వయసులో ఇంతమందికి ఆ ఆపరేషన్ జరగడం నాకు కోపం తెప్పిస్తుంది.

రక్తహీనత దీనికి తోడు. అదే సర్వే 2019-21 విడతలో తెలంగాణ మహిళల్లో 57.6 శాతం మందికి అదుంది. థైరాయిడ్ మందగించినా, బి12 తగ్గినా తల ఇలాగే మొద్దుబారుతుంది. ఇవన్నీ మామూలు రక్తపరీక్షలో తెలిసేవి, మందులతో సరిదిద్దుకోగలిగేవి. హార్మోన్ మాత్రలు ఒంటి మంటలకు, నిద్రకు పనికొస్తాయి. కేవలం మరుపు కోసమని వాటిని ఇవ్వరు. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు డాక్టరుకు ముందే చెప్పాలి.

ఈ నగరంలోనే స్త్రీలు కూడబలుక్కుని తమ ఒంటి సంగతులను తెలుగులో 'సవాలక్ష సందేహాలు'గా 1991లో పుస్తకం చేశారు. ఆ ధైర్యం ఇప్పుడు మరుపు విషయంలోనూ కావాలి. విశ్వవిద్యాలయాలకు, కార్యాలయాలకు నా విన్నపం ఒకటే: నలభై దాటిన ప్రతి ఉద్యోగినికీ, క్యాంటీన్లో గిన్నెలు కడిగే కాంట్రాక్టు మనిషితో సహా, ఏటా హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12 పరీక్షలు ఉచితంగా చేయించండి.