కిరాయి గదులు, మూసిన కిటికీలు

శ్రీరాంపూరు బొగ్గుగనుల నడుమ వైద్యవృత్తి సాగించువానికి శ్వాసకోశవ్యాధులు నిత్యపరిచితములు. దగ్గుతో వచ్చినవాడు ఆర్కే 5 గనిలో పనిచేయునా, ఆర్కే 7 లోనా, లేక ఓపెన్‌కాస్టులోనా యని ముందుగా విచారించుట మాకు పరిపాటి. రోగి రాత్రి ఎచ్చట పండుకొనునని అడుగువారు అరుదు. ఆ ప్రశ్నయే కొన్ని వ్యాధులకు మూలము చూపునని నా అనుభవము.

ఒక శీతకాలమున, బొగ్గుపైనుండు మట్టి (ఓబీ) తవ్వు కంపెనీలో కాంట్రాక్టు పని చేయువాని ఇల్లాలు ఇద్దరు పిల్లలతో నా యొద్దకు వచ్చినది. ముగ్గురికిని తలనొప్పి, వాంతి, కళ్లు తిరుగుట. జ్వరము మాత్రము లేదు. "పండుకునేటప్పుడు మంచిగనే ఉంటం సారూ, పొద్దుగాల లేవంగనే తలకాయ పగిలిపోతది, ఎవరో ఏదో చేసిన్రంటున్నరు" అని ఆమె చెప్పినది. వేలికి తగిలించిన ఆక్సీమీటరు 98 చూపుచుండెను. భర్త సంగతి యడుగగా, అతడు నైట్‌షిఫ్టుకు పోయిన వారమున అతనికి ఏ బాధయు లేదని తెలిసినది. షిఫ్టుల పట్టిక చూచుకొని చేతబడి చేయు మంత్రగాడుండునని నేను నమ్మజాలను గనుక, ఆ సాయంకాలమే వారి గదికి పోయితిని.

అది రేకుల కప్పుగల చిన్న గది. చలికి తాళలేక బొగ్గు కుంపటి లోపలికి తెచ్చుకొని, తలుపు బిగించి నిద్రించుచుండిరి. వెనుకగోడకు పూర్వమొక కిటికీ యుండెడిది. ఇంటియజమాని కిరాయికై దానికానించి మరియొక గది కట్టించినందున ఆ సందు ఇటుకలతో పూడ్చబడి, పైన క్యాలెండరు వ్రేలాడుచుండెను. సగము కాలిన బొగ్గునుండి వెలువడు కార్బన్ మోనాక్సైడునకు వాసన లేదు. అది నెత్తురులో ప్రాణవాయువు చోటును ఆక్రమించును. ఆక్సీమీటరు ఆ రెంటికిని భేదమెరుగక మంచి అంకెనే చూపి వైద్యుని మోసగించును. వారికి ప్రాణవాయువు పెట్టించి, కుంపటిని వాకిటికి మార్పించితిని. కిటికీ మాత్రము నా మందుచీటికి లొంగునది కాదు.

ఆ యజమానిని దుర్మార్గుడని నేననను. గనిలో రిటైరై, వచ్చిన సొమ్ము ఆ నాలుగు గోడలలో పోసినవాడు. నేల సింగరేణి బొగ్గుసంస్థది, పట్టా లేదు. రేపు లెమ్మన్న లేవవలసిన చోట స్లాబు వేయుటకును, కిటికీలు పెట్టుటకును ఎవనికి చేయియాడును? సింగరేణి భూములలో ఇండ్లు కట్టుకొన్నవారికి క్రమబద్ధీకరణ కల్పించిన 76వ సంఖ్య ప్రభుత్వోత్తర్వు 2019లో వెలువడినది. అట్టి భూమిలోని ఇంట నేను చూచిన ఒక బాలునికి ప్రతి వానకాలమును పిల్లికూతలే. రేకుల సందుల నీరు కారి, గోడ చెమ్మగిలి, మంచము వెనుక నల్లని బూజు పట్టెడిది. పట్టా చేతికి వచ్చిన పిదప ఆ తండ్రి స్లాబు వేయించెను. మరుసటి వానకాలమున ఇన్‌హేలరు అవసరము చాలవరకు తగ్గినది. ఒక్క బాలుని చూచి సిద్ధాంతము చేయరాదుగాని, హక్కుపత్రము కూడ ఒక ఔషధమే యని నాకు తోచును.

ఇక పురపాలకసంఘము. మా నస్పూరు 2018లో మున్సిపాలిటీయై, 2025లో మంచిర్యాల నగరపాలకసంస్థలో కలిసినది. 2020 ఫిబ్రవరిలో ఆరంభమైన పట్టణప్రగతి కార్యక్రమములో శిథిలగృహములను గుర్తించుట యొక భాగముగా నుండెను; ఆ యేడే, ఆదివారము పదిగంటలకు పదినిమిషములు ఎవరి యింట నిలిచిన నీటిని వారే పారబోయవలెనను పిలుపు వచ్చినది. దోమల విషయమున అది మంచి పనియే. అయినను ఈ ప్రయత్నములన్నియు గడప బయటనే ఆగినవి. అదే సంవత్సరమున వచ్చిన టీఎస్ బీపాస్ గృహనిర్మాణానుమతి విధానములో 75 చదరపు గజముల లోపు స్థలమున, ఒక అంతస్తు వరకు, అనుమతి యక్కరలేక ఒక్క రూపాయితో నమోదు చేసికొని ఇల్లు కట్టుకొను వీలు కల్పింపబడెను. లంచముల బాధ తప్పుటచే బీదవానికి మేలే. గాలివెలుతురులు చూచువాడు మాత్రము లేకపోయెను. వేడి పొడి ప్రదేశములలో నేలవైశాల్యమున పదవవంతు కిటికీలుండవలెనని నేషనల్ బిల్డింగ్ కోడ్ చెప్పుచున్నది. మా వీథులలో ఆ లెక్క వేసినవారిని నేను చూడలేదు.

తనిఖీ యన్నంతనే కిరాయిదారు భయపడును. క్షయ సోకినదని తెలిసి గది ఖాళీ చేయించిన సంగతులు నేనెరుగుదును. అందుచే ఆ రోగులు మందుడబ్బా దాచుకొందురు. ఖాళీ చేయించుటచే మేలు లేదనుటకు పూర్వోదాహరణమున్నది: లివర్‌పూల్ నగరమున 1847లో తొలి ఆరోగ్యాధికారిగా నియమితుడైన డాక్టరు డంకన్ కాలమున, చీకటి నేలమాళిగలను మూయించగా వెళ్లగొట్టబడిన బీదలు ఇతర గృహములలో కిక్కిరిసిరి. ఖాళీ చేయుమను నోటీసు వ్యాధిని ప్రక్కవీథికి పంపును. యజమానికి గడువిచ్చి బాగుచేయుమను నోటీసు వ్యాధిని తగ్గించును.

కావున నగరపాలకులకు నా విన్నపము: ఇంటిపన్ను మదింపునకు వచ్చు ఉద్యోగి అంతస్తులతోపాటు కిరాయి గదులను, వాని కిటికీలను గూడ లెక్కించి వ్రాసికొనవలెను; మరమ్మతు చేయించు యజమానికి పన్నులో కొంత తగ్గింపవలెను; మరమ్మతు సాకుతో కిరాయిదారును వెళ్లగొట్టనీయరాదు. గదులు కిరాయికిచ్చు పాఠకులారా, నోటీసు వచ్చునంతవరకు ఆగక, పూడ్చిన కిటికీ యున్నచో ఈ చలికాలము రాకమునుపే తెరిపింపుడు.