బీడీ ముట్టని వాళ్ల ఆయాసం

"బీడీ ముట్టలే సారూ, చుట్టా ముట్టలే" అంది ఆ పెద్దావిడ. ఖమ్మం దగ్గర పల్లె. నాలుగడుగులు వేస్తే ఆయాసం, ఛాతీలో పిల్లికూతలు. ఉబ్బసమని వాడిన మందుల చీటీలు సంచి నిండా ఉన్నాయి. వాటిలో ఒక్కదానిలోనూ పొయ్యి ఊసు లేదు.

ఊదే పరీక్ష చేయించాను. మందు పీల్చాక కూడా, ఊదిన మొత్తం గాలిలో మొదటి సెకనులో బయటికొచ్చేది 70 శాతం లోపుంటే సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బుగా అనుమానిస్తాం. ఆమెది అంతకన్నా బాగా తక్కువ. కాపురానికొచ్చిన నాటి నుంచి పత్తికట్టె, మిరపకట్టె, వానాకాలమైతే చెమ్మపట్టిన పిడకలు. కిటికీ లేని కొట్టంలో ఊదుగొట్టం పట్టుకుని కూర్చుంటే బీడీతో పనిలేకుండానే ఈ జబ్బు వస్తుంది.

పీఎం 2.5 అనే సన్నటి నుసి ఏడాది సగటున ఘనపు మీటరు గాలిలో 5 మైక్రోగ్రాములు మించకూడదని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మన దేశం పెట్టుకున్న హద్దు 40. కట్టెలు రాజుకునేటప్పుడు వంటింట్లో అది వందలు దాటుతుంది. ఢిల్లీ గాలిని రోజూ కొలుస్తారు, టీవీలో చూపిస్తారు. ఈ కొట్టంలో గాలిని కొలిచిన వాళ్లెవరు? ఆ పొగలోనే చంటిపిల్లలూ ఉంటారు. అయిదేళ్లలోపు వాళ్లకు ఇంటి పొగ వల్ల న్యుమోనియా ముప్పు దాదాపు రెట్టింపు. పదేపదే న్యుమోనియాతో వచ్చే పసివాడి తల్లిని నేను ముందడిగేది, వంట చేసేటప్పుడు బిడ్డ ఎక్కడుంటాడని. "చంకలోనే సార్" అంటారు చాలామంది.

గ్యాసు లేక కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం వచ్చింది, 2016లో ఉజ్వల వచ్చింది. సిలిండర్ ఇంట్లోకి వచ్చినా పొయ్యి బయటికి పోలేదు. టీకి గ్యాసు, బువ్వకు, స్నానం నీళ్లకు కట్టెలు. కట్టెలు చేను నుంచి ఊరికే వస్తాయి, సిలిండర్‌కు ఒకేసారి డబ్బు కట్టాలి. 2024 నుంచి తెలంగాణలో 500 రూపాయల సిలిండర్, ఆంధ్రలో ఏడాదికి మూడు ఉచితం. నా దృష్టిలో ఇవి ఆరోగ్య పథకాలే. కానీ ఇంటిల్లిపాదికీ మూడు పూటలా వండే ఇంట్లో ఆ మూడు సిలిండర్లూ చాలవు.

ఆమెకు ఇన్‌హేలర్‌తో పాటు పొయ్యి మార్చాలని కూడా చీటీలోనే రాశాను, కొడుకును కూర్చోబెట్టి చదివించాను. మరుసటి ఏడు వచ్చినప్పుడు పరీక్షలో అంకె పెరగలేదు. చెడిన ఊపిరితిత్తి మళ్లీ మునుపటిలా కాదు. ఆ వానాకాలం మాత్రం ఆసుపత్రిలో చేరాల్సిన పని పడలేదు. బువ్వ గ్యాసు మీదికి మారింది. నీళ్లింకా కట్టెల మీదే, కాకపోతే వాకిట్లో కాస్తున్నారట.